ఓడినా ఫ్యాన్స్ వదలరు.. బాక్సింగ్‌లో ఆల్‌టైమ్ ఫేవరెట్ ఫైటర్లు ఎవరు? ఎందుకంత అభిమానం?

క్రికెట్‌లో ఫేవరెట్ ప్లేయర్ ఎవరంటే పరుగులు, సెంచరీలు లెక్క చెప్పేస్తాం. బాక్సింగ్ ఫ్యాన్స్ దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయదు. 50 ఫైట్లు ఆడి ఒక్కటి కూడా ఓడని బాక్సర్ ఉన్నా, చాలామంది గుండెల్లో ఉండేది ఐదుసార్లు ఓడిన మహమ్మద్ అలీనే. వరల్డ్ నంబర్ వన్ కాని ఇద్దరు బాక్సర్ల ఫైట్‌ను ఇరవై ఏళ్ల తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూసేవాళ్లు ఉన్నారు.

అసలు బాక్సింగ్ ఫ్యాన్స్ ఒక ఫైటర్‌ను ఎందుకు ఇష్టపడతారు? రికార్డు చూసా? పంచ్ పవర్ చూసా? లేక ఇంకేదైనా ఉందా? అలీ, టైసన్ నుంచి మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ వరకు.. అభిమానులు ఎక్కువగా చెప్పే పేర్లు, వాటి వెనకున్న కారణాలు ఇక్కడ చూద్దాం.

మహమ్మద్ అలీ: టైటిల్ పోయినా మాట మార్చలేదు

అలీ అసలు పేరు కేషియస్ క్లే. 1942 జనవరి 17న అమెరికాలోని లూయీవిల్‌లో పుట్టాడు. 12 ఏళ్ల వయసులో సైకిల్ పోయిందని పోలీసుకు కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్లాడు. దొంగ దొరికితే చితక్కొడతానన్నాడు. ఆ పోలీసు జో మార్టిన్ బాక్సింగ్ కోచ్ కూడా. ముందు ఫైట్ చేయడం నేర్చుకో అన్నాడు. అలా మొదలైన కుర్రాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టాడు. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి హెవీవెయిట్ వరల్డ్ చాంపియన్ అయ్యాడు.

హెవీవెయిట్లంటే బరువుగా, నెమ్మదిగా కదులుతారనే అభిప్రాయం అప్పట్లో ఉండేది. అలీ వచ్చి దాన్ని మార్చేశాడు. చేతులు కిందకు వదిలేసి, కాళ్ల మీద తేలిపోతూ, పంచ్ వస్తుంటే అంగుళం దూరంలో తల వెనక్కి లాగేసేవాడు. స్టైల్ పరంగా ఫ్యాన్స్ చెప్పే మొదటి కారణం ఇదే.

కానీ అసలు కారణం రింగ్ బయట ఉంది. వియత్నాం యుద్ధానికి వెళ్లేందుకు సైన్యంలో చేరాలని ప్రభుత్వం పిలిస్తే 1967 ఏప్రిల్‌లో అలీ నిరాకరించాడు. వెంటనే టైటిల్ లాగేసుకున్నారు. లైసెన్స్ రద్దయింది. ఐదేళ్ల జైలుశిక్ష, 10 వేల డాలర్ల జరిమానా పడింది. అప్పీల్ పెండింగ్‌లో ఉండటంతో జైలుకు వెళ్లలేదు కానీ, దాదాపు మూడున్నరేళ్లు రింగ్‌కు దూరమయ్యాడు. అంటే 25 నుంచి 28 ఏళ్ల వయసు మధ్య.. ఏ బాక్సర్‌కైనా కెరీర్‌లో బెస్ట్ టైమ్ అది. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. కానీ పోయిన సంవత్సరాలు తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో అమెరికాలో చాలామంది అలీని ద్వేషించారన్నది మర్చిపోకూడదు. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్న ఆ నిర్ణయానికి అప్పుడు చప్పట్లు తక్కువ, తిట్లు ఎక్కువ. అందుకే అలీ అభిమానులు రికార్డు కంటే ముందు ఈ విషయమే చెబుతారు.

1974 అక్టోబర్ 30న జైర్ రాజధాని కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌తో ఫైట్ మరో కారణం. అప్పటికి ఫోర్‌మన్ 40 ఫైట్లలో 40 గెలిచాడు, వయసు 25. అలీకి 32. అందరూ అలీకి ఏమవుతుందోనని భయపడ్డారు. అలీ మాత్రం తాళ్లకు ఆనుకుని నిలబడి, పంచ్‌లను చేతులు, భుజాల మీద కాచుకుంటూ ఫోర్‌మన్‌ను అలసిపోయేలా చేశాడు. ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్! బలం కంటే బుర్ర గొప్పదని చెప్పడానికి బాక్సింగ్‌లో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదంటారు ఫ్యాన్స్.

అలీ మన దేశానికీ వచ్చాడు. 1980లో మద్రాసులో ఎగ్జిబిషన్ బౌట్ ఆడాడు. సౌత్‌లో పాతతరం వాళ్లకు అలీ పేరు అంతగా తెలియడానికి అదీ ఒక కారణమే.

జో ఫ్రేజియర్: అలీకి రెండోవైపు

అలీ గురించి చెప్పి ఫ్రేజియర్‌ను వదిలేస్తే కథ సగమే. సౌత్ కరోలినాలో పేద రైతు కుటుంబంలో పుట్టి, ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేస్తూ ఎదిగిన బాక్సర్ ఇతను. 1964 టోక్యో ఒలింపిక్స్ గోల్డ్ మెడలిస్ట్. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అలీకి ప్రొఫెషనల్ కెరీర్‌లో మొదటి ఓటమి రుచి చూపించింది ఇతనే. 15వ రౌండ్‌లో ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్‌కు అలీ వెల్లకిలా పడిపోయిన దృశ్యం బాక్సింగ్ చరిత్రలోనే ఫేమస్.

ఫ్రేజియర్ ఫ్యాన్స్‌కు ఒక బాధ ఉంది. అలీకి లైసెన్స్ లేని రోజుల్లో ఫ్రేజియర్ అతని తరఫున మాట్లాడాడు, డబ్బు సాయం కూడా చేశాడు. ఆ తర్వాత ఫైట్ ప్రచారం కోసం అలీ అతడిని గొరిల్లా అంటూ నానా మాటలన్నాడు. ఆ గాయం ఫ్రేజియర్‌కు చాలా ఏళ్లు మానలేదు. అలీని ఎంత ఇష్టపడినా, ఈ విషయంలో తప్పు అలీదేనని చెప్పే అభిమానులు చాలామందే ఉన్నారు.

1975 అక్టోబర్ 1న మనీలాలో ఇద్దరి మూడో ఫైట్. తీవ్రమైన వేడి. 14 రౌండ్లు ముగిసేసరికి ఫ్రేజియర్‌కు కళ్లు సరిగా కనిపించడం లేదు. ఆడతానని పట్టుబట్టినా అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు, ఫైట్ ఆపేశాడు. టైటిల్ కంటే తన బాక్సర్ ప్రాణం ముఖ్యమనుకున్న ఆ ట్రైనర్‌ను కూడా ఫ్యాన్స్ గుర్తుపెట్టుకున్నారు.

జార్జ్ ఫోర్‌మన్: 45 ఏళ్లకు మళ్లీ చాంపియన్

కిన్షాసాలో ఓడిన ఫోర్‌మన్ 1977లో బాక్సింగ్ వదిలేసి చర్చి ప్రబోధకుడయ్యాడు. పదేళ్ల తర్వాత, 1987లో తిరిగొచ్చాడు. బొద్దుగా, గుండు చేయించుకుని, నవ్వుతూ! ఒకప్పుడు ఎవరితోనూ సరిగా మాట్లాడని, అందరూ భయపడే మనిషి ఇతనేనా అని జనం ఆశ్చర్యపోయారు. చాలామంది జోకులు వేశారు. కానీ 1994 నవంబర్ 5న మైఖేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో నాకౌట్ చేసి 45 ఏళ్ల వయసులో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ రాత్రి వేసుకున్న షార్ట్స్ ఇరవై ఏళ్ల క్రితం అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్నవే.

ఇక లేటు అయిపోయింది అనుకునే ప్రతి ఒక్కరికీ ఫోర్‌మన్ నచ్చుతాడు. 2025 మార్చి 21న 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మైక్ టైసన్: అభిమానమా.. భయమా?

మన దగ్గర బాక్సింగ్ చూడనివాళ్లకు కూడా తెలిసిన పేరు ఇదే. 1986 నవంబర్ 22న ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లోనే పడగొట్టి 20 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఇప్పటికీ అతి చిన్న వయసు హెవీవెయిట్ చాంపియన్ రికార్డు అతనిదే. 1988లో మైఖేల్ స్పింక్స్‌ను ఓడించడానికి పట్టిన టైమ్.. జస్ట్ 91 సెకన్లు!

హెవీవెయిట్లలో టైసన్ పొట్టివాడు. అందుకే ట్రైనర్ కస్ డమాటో నేర్పిన పద్ధతిలో, రెండు చేతులూ ముఖానికి అడ్డంపెట్టి, తల అటూ ఇటూ ఊపుతూ ప్రత్యర్థి లోపలికి దూరిపోయేవాడు. పవర్ మాత్రమే కాదు, ఆ టెక్నిక్ కూడా చూడమంటారు ఫ్యాన్స్. బ్రూక్లిన్ వీధుల్లో చిన్న చిన్న నేరాలతో జువెనైల్ హోమ్‌కు వెళ్లిన పిల్లాడిని కస్ డమాటో చేరదీసి పెంచాడు. కానీ శిష్యుడు చాంపియన్ కావడానికి ఏడాది ముందే, 1985లో చనిపోయాడు.

అయితే టైసన్ విషయంలో అభిమానం అంత సింపుల్ కాదు. 1992లో రేప్ కేసులో దోషిగా తేలి దాదాపు మూడేళ్లు జైల్లో ఉన్నాడు. 1997లో ఇవాండర్ హోలీఫీల్డ్ చెవి కొరికి డిస్‌క్వాలిఫై అయ్యాడు. కాబట్టి 'టైసన్ బాక్సింగ్ ఇష్టం, టైసన్ చేసిన పనులు కాదు' అనేవాళ్లు కొందరు. ఆ రెండిటినీ విడదీయలేం అనేవాళ్లు ఇంకొందరు. నాకౌట్ వీడియోలు చూసి చప్పట్లు కొట్టేటప్పుడు బాధితురాలి సంగతి పక్కకు నెట్టేయడం సరికాదన్న వాదనను కొట్టిపారేయలేం.

1990 ఫిబ్రవరి 11న టోక్యోలో టైసన్‌ను మొదటిసారి ఓడించిన బస్టర్ డగ్లస్‌కూ ప్రత్యేకంగా ఫ్యాన్స్ ఉన్నారు. ఎవరూ ఛాన్స్ ఇవ్వని బాక్సర్. పైగా తల్లి చనిపోయి నెల కూడా కాలేదు. ఎనిమిదో రౌండ్‌లో కిందపడి లేచి, పదో రౌండ్‌లో టైసన్‌ను నాకౌట్ చేశాడు.

తెలుగు ప్రేక్షకుల ముందుకు టైసన్ 2022లో విజయ్ దేవరకొండ, పూరీ జగన్నాథ్ 'లైగర్' సినిమాతో వచ్చాడు. 58 ఏళ్ల వయసులో 2024 నవంబర్‌లో జేక్ పాల్‌తో రింగ్‌లోకి దిగి ఓడిపోయాడు. ఆ రాత్రి అతను గెలవాలని కంటే, దెబ్బలు తగలకుండా బయటపడాలని కోరుకున్న అభిమానులే ఎక్కువ.

గట్టి - వార్డ్: టాప్‌లో లేకపోయినా టాప్ ఫేవరెట్లు

ఆర్టురో గట్టి, మిక్కీ వార్డ్.. మన దగ్గర ఈ పేర్లు తెలిసినవాళ్లు తక్కువ. బాక్సింగ్ రెగ్యులర్‌గా ఫాలో అయ్యేవాళ్లను అడిగితే మాత్రం కళ్లు మెరుస్తాయి. 2002, 2003లో ఇద్దరూ మూడుసార్లు తలపడ్డారు. మొదటిది వార్డ్ గెలిచాడు, మిగతా రెండూ గట్టి గెలిచాడు. మూడింటిలో ఏదీ వరల్డ్ టైటిల్ ఫైట్ కాదు!

2002 మే 18న జరిగిన మొదటి ఫైట్ తొమ్మిదో రౌండ్‌ను బాక్సింగ్ చరిత్రలో గొప్ప రౌండ్లలో ఒకటిగా చెబుతారు. వార్డ్ బాడీ షాట్‌కు గట్టి మోకాళ్ల మీద కూలిపోయాడు. లేచాడు. మళ్లీ దెబ్బలు తిన్నాడు. అయిపోయిందనుకునేలోపు తిరగబడి కొట్టాడు.

ఆ ముగ్గురు.. కాదు కాదు, ఆ మూడు ఫైట్లు వాళ్లను శత్రువులను చేయలేదు. మంచి ఫ్రెండ్స్ అయ్యారు. వార్డ్ రిటైరయ్యాక, గట్టి ఆఖరి ఫైట్‌కు ట్రైనర్‌గా కార్నర్‌లో నిలబడింది వార్డే. రింగ్‌లో ఒకరినొకరు అంతలా కొట్టుకున్నవాళ్ల మధ్య అంత గౌరవం ఎలా అన్నదే ఫ్యాన్స్‌ను కట్టిపడేసిన విషయం. వార్డ్ జీవితం మీద 2010లో 'ద ఫైటర్' అనే హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది.

పకియావ్, చావెజ్: దేశమంతా ఒక్కటైన రాత్రులు

మానీ పకియావ్ ఫిలిప్పీన్స్‌లో పేద కుటుంబంలో పుట్టాడు. టీనేజ్‌లోనే ఇల్లు వదిలి మనీలా చేరి, రోడ్ల మీద పడుకుని బాక్సింగ్ నేర్చుకున్నాడు. ఎనిమిది వెయిట్ కేటగిరీల్లో వరల్డ్ టైటిల్స్ గెలిచిన ఏకైక బాక్సర్ ఇతనే. 2008లో తనకంటే బాగా పెద్దవాడైన ఆస్కార్ డి లా హోయాను ఎనిమిది రౌండ్లలో కుర్చీకే పరిమితం చేశాడు. తర్వాత ఫిలిప్పీన్స్ సెనేటర్ అయ్యాడు, 2022లో ప్రెసిడెంట్ పదవికి పోటీ చేసి ఓడాడు.

మెక్సికోలో అలాంటి స్థానం హూలియో సెసార్ చావెజ్‌ది. 1993 ఫిబ్రవరిలో మెక్సికో సిటీ అజ్‌టెకా స్టేడియంలో అతని ఫైట్ చూడటానికి లక్షా 30 వేల మందికి పైగా వచ్చారు. వెనక్కి తగ్గకుండా ముందుకు నడుస్తూ, పక్కటెముకల కింద లెఫ్ట్ హుక్ కొట్టడం అతని స్టైల్. ఇప్పటికీ మెక్సికన్ బాక్సర్ అంటే ఫ్యాన్స్ ఆశించేది అదే.

మేవెదర్: ఓటమే లేదు.. మరి అందరికీ ఎందుకు నచ్చడు?

50 ఫైట్లు, 50 విజయాలు. ఫ్లాయిడ్ మేవెదర్ రికార్డు ఇది. 2015 మే 2న పకియావ్‌ను కూడా పాయింట్ల మీద ఓడించాడు. ఎడమ భుజం ముందుకు పెట్టి, వచ్చిన పంచ్‌ను భుజం మీద జారవిడిచి తిరిగి కొట్టే అతని డిఫెన్స్ టెక్నిక్ నేర్చుకునేవాళ్లకు ఒక పాఠం.

అయినా ఫ్యాన్స్ రెండుగా చీలిపోతారు. దెబ్బ తినకుండా గెలవడమే అసలైన బాక్సింగ్ అనేది ఒక వర్గం. రిస్క్ తీసుకోని ఫైటర్‌ను ఎలా ప్రేమిస్తామనేది ఇంకో వర్గం. నిజానికి ఈ ప్రశ్న మేవెదర్ గురించి కంటే మన గురించే ఎక్కువ చెబుతుంది. అది ఎలాగో కింద చూద్దాం.

మేరీ కోమ్: దేశానికి బాక్సింగ్ చూడటం నేర్పింది

1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మణిపూర్‌కు చెందిన డింకో సింగ్ గోల్డ్ గెలిచాడు. ఆ విజయం చూసి బాక్సింగ్ వైపు వచ్చిన మణిపూర్ అమ్మాయే మేరీ కోమ్. 2002, 2005, 2006, 2008, 2010, 2018.. మొత్తం ఆరుసార్లు వరల్డ్ చాంపియన్. 2007లో కవలలకు జన్మనిచ్చి, మళ్లీ వచ్చి 2008లో టైటిల్ గెలిచింది.

మహిళల బాక్సింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దక్కింది 2012లోనే. అది కూడా మూడు వెయిట్లకే. మేరీ అప్పటివరకు గెలిచిన వెయిట్లు అందులో లేవు. దీంతో 51 కేజీలకు మారి, తనకంటే పెద్దవాళ్లతో ఆడి లండన్‌లో బ్రాంజ్ తెచ్చింది. అంతకుముందు 2008 బీజింగ్‌లో విజేందర్ సింగ్ బ్రాంజ్‌తో మన దేశానికి బాక్సింగ్‌లో తొలి ఒలింపిక్ మెడల్ వచ్చింది. ఆ ఇద్దరి వల్లే చాలా ఊళ్లలో పిల్లలు గ్లోవ్స్ అడగడం మొదలైంది.

నిఖత్ జరీన్: ఇందూరు నుంచి ఇస్తాంబుల్ దాకా

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. మొదట రన్నింగ్ చేసేది. గ్రౌండ్‌లో బాక్సింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లలో అమ్మాయిలు ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడగడంతో కథ మొదలైంది. షార్ట్స్ వేసుకుని అబ్బాయిలతో ప్రాక్టీస్ ఏంటని బంధువులు, చుట్టుపక్కలవాళ్లు మాటలన్నారు. తండ్రి మాత్రం పట్టించుకోలేదు. నిజామాబాద్‌లో కోచ్ శంషాముద్దీన్ దగ్గర నేర్చుకుని 2011లో టర్కీలో జూనియర్ వరల్డ్ చాంపియన్ అయ్యింది.

2017లో భుజానికి గాయం. చాలా నెలలు ఆటకు దూరం. తిరిగొచ్చాక ఇంకో సమస్య.. ఆమె వెయిట్‌లోనే మేరీ కోమ్! ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు సెలక్షన్ ట్రయల్స్ పెట్టాలని 2019లో నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి లెటర్ రాసింది. అప్పట్లో ఇది పెద్ద గొడవే అయ్యింది. లెజెండ్‌నే ప్రశ్నిస్తావా అని కొందరు తిట్టారు. ట్రయల్ అడగడం హక్కు కదా అని కొందరు నిలబడ్డారు. 2019 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన ట్రయల్‌లో మేరీ 9-1తో గెలిచింది. బౌట్ తర్వాత షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే నిఖత్ పేరు ఆ వివాదంతోనే మిగిలేది. కానీ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి వరల్డ్ చాంపియన్ అయ్యింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో గోల్డ్, 2023 మార్చిలో ఢిల్లీలో రెండో వరల్డ్ టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేకపోవడంతో రెండో బౌట్‌లోనే చైనా టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. 0-5తో ఓడి కన్నీళ్లు పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

నిఖత్ ఒక్కతే కాదు. శంషాముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో, 2023 వరల్డ్ చాంపియన్‌షిప్‌లో బ్రాంజ్ మెడల్స్ గెలిచాడు. వరల్డ్ చాంపియన్‌షిప్ సెమీస్‌కు ముందు మోకాలి గాయంతో తప్పుకోవాల్సి వచ్చింది. ఒకే ఊరు నుంచి ఇద్దరు వరల్డ్ మెడలిస్టులు రావడమంటే మామూలు విషయం కాదు.

మన చప్పట్లకు వాళ్లు కట్టే ధర

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. ఫ్యాన్స్ ఫేవరెట్ ఫైట్లన్నీ గమనిస్తే ఒక విషయం కామన్‌గా కనిపిస్తుంది. మనీలా, గట్టి-వార్డ్.. అన్నీ ఇద్దరు బాక్సర్లు విపరీతంగా దెబ్బలు తిన్న ఫైట్లే. ఆ ధైర్యాన్నే మనం మెచ్చుకుంటాం. కానీ దానికి వాళ్లు తర్వాత ధర చెల్లిస్తారు.

అలీకి 1984లో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నట్టు తేలింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణుకుతున్న చేత్తో జ్యోతి వెలిగించినప్పుడు ప్రపంచమంతా కంటతడి పెట్టింది. 2016 జూన్ 3న చనిపోయాడు. 1982 నవంబర్‌లో రే మాన్సీనితో ఫైట్‌లో 14వ రౌండ్‌లో కూలిపోయిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ కొన్ని రోజులకే ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాతే టైటిల్ ఫైట్లను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించడం మొదలైంది.

అందుకే మేవెదర్ ప్రశ్న మళ్లీ గుర్తుచేసుకోవాలి. దెబ్బ తప్పించుకున్నవాడిని బోరింగ్ అని, మొహం పగిలినా నిలబడ్డవాడిని హీరో అని అంటున్నామంటే, మనం బాక్సర్ల నుంచి ఏం అడుగుతున్నట్టు? డిఫెన్స్‌ను కూడా ఎంజాయ్ చేయడం నేర్చుకుంటే ఆట చూసే తీరే మారుతుంది. టైమ్‌కు టవల్ వేసే ట్రైనర్‌ను, ఫైట్ ఆపేసే రిఫరీని తిట్టకుండా ఉండటం కూడా అభిమానంలో భాగమే.

కొత్తగా చూసేవాళ్లకు.. ఈ నాలుగు తెలిస్తే చాలు

* ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పురుషుల టైటిల్ ఫైట్ 12 రౌండ్లు, రౌండ్‌కు 3 నిమిషాలు. మహిళలకు ఎక్కువగా 10 రౌండ్లు, రౌండ్‌కు 2 నిమిషాలు.

* రౌండ్ గెలిచినవాళ్లకు 10 పాయింట్లు, ఓడినవాళ్లకు సాధారణంగా 9. ఒకసారి కిందపడితే 8. ముగ్గురు జడ్జిలు స్కోర్ వేస్తారు.

* ఒలింపిక్స్ తరహా బాక్సింగ్‌లో మూడు రౌండ్లే, ఐదుగురు జడ్జిలు. నిఖత్ 5-0 అంటే ఐదుగురూ ఆమెకే ఓటేశారని అర్థం. ఐదు పంచ్‌లు కొట్టిందని కాదు!

* నాకౌట్ అంటే కిందపడిన బాక్సర్ రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేవకపోవడం. లేచినా ఆడే స్థితిలో లేడనుకుంటే రిఫరీ ఫైట్ ఆపేయొచ్చు. దాన్ని టెక్నికల్ నాకౌట్ అంటారు.

మరి మీ ఫేవరెట్ ఎవరు?

మాటకు కట్టుబడినందుకు అలీ, మాటలు పడ్డా నిలబడినందుకు ఫ్రేజియర్, లేటు వయసులో గెలిచినందుకు ఫోర్‌మన్, ప్రత్యర్థిని ఫ్రెండ్ చేసుకున్నందుకు గట్టి, వార్డ్, తలుపు తెరిచినందుకు మేరీ, ఆ తలుపు దగ్గరే నిలబడి తన వంతు అడిగినందుకు నిఖత్.. ఒక్కొక్కరికి ఒక్కో కారణం. పాత ఫైట్ ఏదైనా చూడాలనుకుంటే 1974 కిన్షాసాతో మొదలుపెట్టండి. ఈసారి కొట్టే చేతుల్ని కాకుండా, తాళ్లకు ఆనుకుని పంచ్‌లు కాచుకుంటున్న అలీ కళ్లను గమనించండి. ఫ్యాన్స్ యాభై ఏళ్లుగా ఆ ఫైట్ గురించి ఎందుకు మాట్లాడుకుంటున్నారో అర్థమైపోతుంది.